రంగం వెళ్ళిన తాత ఏమయ్యాడు? విశాఖ కుటుంబాల్లో జాడ తెలియని పూర్వీకుణ్ణి వెతికే పద్ధతి

ఉత్తరాంధ్రలో పాత కుటుంబాలను కదిపితే చాలా ఇళ్ళల్లో ఇలాంటి మనిషి ఒకరు తగులుతారు. "మా ముత్తాత రంగం వెళ్ళిపోయాడట, మళ్ళీ రాలేదు." "తాతయ్య వాళ్ళ అన్న ఒకాయన ఓడెక్కాడు, ఏ దేశమో తెలీదు." రంగం అంటే రంగూన్ అని కూడా ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. ఆయన సంగతి అడిగితే పెద్దవాళ్ళు కాసేపు ఆగి, మాట మార్చేస్తారు.

వెతుకుదామనుకున్నవాళ్ళు ముందు చేసే పని, ఆ పేరు ఇంటర్నెట్‌లో కొట్టి చూడడం. అప్పలస్వామి అనో, నూకరాజు అనో కొడితే వేలమంది వస్తారు, లేకపోతే ఎవరూ రారు. నేను చెప్పే దారి వేరు. వెళ్ళిపోయిన మనిషి గురించి వెళ్ళిన చోట కన్నా ఇక్కడ ఉండిపోయినవాళ్ళ దగ్గరే ఎక్కువ కాగితం ఉంటుంది. ఆయన భార్య, అన్నదమ్ములు, వాళ్ళ పంపకాలు, అమ్మకాలు, కోర్టు తగాదాలు. ముందు అవి చూడాలి. ఊరి పేరు, తండ్రి పేరు ఖాయమయ్యాకే ఓడల జాబితాల జోలికి వెళ్ళాలి.

మొదటి పని: పెద్దవాళ్ళను అడగడం

అన్నిటికన్నా ముందు ఈ పనే ఎందుకంటే, కాగితాలు ఇంకో పదేళ్ళు ఆగుతాయి, తొంభై ఏళ్ళ మామ్మ ఆగదు.

"ఆయన గురించి చెప్పు మామ్మా" అని అడిగితే "ఏముంది నాయనా, వెళ్ళిపోయాడు" అనే జవాబే వస్తుంది. ఆయన్ని వదిలేసి చుట్టూ ఉన్నవి అడగండి. "ఆయన వెళ్ళేటప్పటికి మీ నాన్న ఎంతవాడు? నడుస్తున్నాడా, బడికెళ్తున్నాడా?" "జపాన్ బాంబులకు ముందా, తర్వాతా?" విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. జనం ఇళ్ళు వదిలి పల్లెలకు పోయిన రోజులు కాబట్టి ఆ సంగతి ఇళ్ళల్లో చెప్పుకుంటూనే వచ్చారు. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే హార్బరు ఉంది. విశాఖ ఓడరేవు మొదలైంది 1933లో, తవ్వకం పనులు అంతకు ముందు కొన్నేళ్ళు నడిచాయి. రైలు లైను పడింది 1890లలో. ధాత కరువు 1876-78. అంకెల్లో చెప్పలేని మనిషి కూడా "అప్పటికి హార్బరు తవ్వుతున్నారు" అని చెప్పగలదు.

ఎవరూ అడగని ప్రశ్నలు రెండున్నాయి. నా దృష్టిలో ఈ రెంటికీ వచ్చే జవాబులు సగం పని చేసిపెడతాయి.

ఒకటి, ఆయన తద్దినం ఎప్పుడు పెట్టేవారు? ఏడాదిలో ఫలానా తిథికి పెట్టారంటే, ఆయన పోయిన రోజు ఇంటికి తెలిసిందన్నమాట. ఎవరో కబురు తెచ్చారు, లేదా ఉత్తరం వచ్చింది. కాబట్టి ఎక్కడ పోయాడో తెలిసిన మనిషి ఒకరు ఉండి ఉండాలి, వాళ్ళెవరో అడగండి. తిథి లేకుండా భాద్రపదంలో మహాలయ అమావాస్యకు మాత్రమే పెట్టారంటే, చావు కబురు రాలేదు, లేక వచ్చినా రోజు తెలియలేదు. అసలు తద్దినమే పెట్టలేదంటే, బతికే ఉన్నాడని చాలాకాలం నమ్మారనుకోవచ్చు.

రెండోది ఆయన భార్య గురించి. ఆవిడ బొట్టు ఎప్పుడు తీసింది? చివరిదాకా ఉంచుకుందా? ఇది జాగ్రత్తగా, ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లగా అడగాల్సిన మాట. ఆవిడ ఫొటో ఏదైనా ఉంటే మనవడి పెళ్ళిలోదా, అంతకు ముందుదా చూడండి. నుదుటి మీద బొట్టు ఉందా, చేతులకు గాజులున్నాయా అన్నదాన్ని బట్టి కబురు వచ్చిన కాలాన్ని పదేళ్ళ అటూ ఇటూగా పట్టుకోవచ్చు.

తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చదువుతారు. తల్లి వైపు పెద్దల పేర్లు కూడా చెబుతారు. ఆ పేర్లు రాసుకున్న చీటీ ఇంట్లోనో, పురోహితుడి గారి పుస్తకంలోనో దొరుకుతుంది. మూడు తరాలు ఒకేసారి చేతికొస్తాయి.

తెలుగు సంవత్సరం పేరు చెబితే లెక్క కట్టుకోవచ్చు గానీ ఒక మెలిక ఉంది. పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ప్రభవ అంటే 1867లో మొదలైనదీ కావచ్చు, 1927లోదీ కావచ్చు. పైగా సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి మాఘ, ఫాల్గుణాలు ఇంగ్లిష్ లెక్కలో తర్వాతి ఏడాదిలో పడతాయి. చిత్రభాను మాఘం అంటే 1942 కాదు, 1943.

చెప్పినవన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకోండి, వాళ్ళను అడిగే. నోట్‌బుక్‌లో ప్రతి మాట పక్కన ఎవరు చెప్పారు, వాళ్ళకు ఎవరు చెప్పారు అని రాయండి. పెద్దన్నయ్య ఒకలా, చిన్నత్త ఒకలా చెబితే వాదన పెట్టుకోకండి, రెండూ రాసుకోండి. కథల్లో గొప్పగా ఉన్న భాగాన్ని నేను తొందరగా నమ్మను. "జమీందారుతో తలపడి ఊరొదిలాడు" అన్నది ఎన్నో ఇళ్ళల్లో వినిపిస్తుంది. చాలాచోట్ల అసలు కారణం అప్పు, లేదా అన్నదమ్ముల మధ్య మాట. ఎవరికీ గొప్ప తెచ్చిపెట్టని చిన్న సంగతులు మాత్రం ఎవరూ కల్పించరు. "ఒకసారి ముప్ఫై రూపాయలు, ఓ గళ్ళ లుంగీ పంపాడు" అన్నారనుకోండి, ఎవరి చేత పంపాడు అని అడగండి. ఆ తెచ్చిన మనిషి ఊరు, ఇంటిపేరు మీకు కావాలి.

రెండో పని: ఇంట్లో పెట్టె

ట్రంకు పెట్టె, అటక, పూజగది. మనియార్డరు కూపన్లు, జాతకాలు, బడి సర్టిఫికెట్లు, శిస్తు రసీదులు వెతకండి. పాత భాగవతమో రామాయణమో ఉంటే లోపలి అట్ట చూడండి, పిల్లల పుట్టుకలు అక్కడ రాసే అలవాటు ఉండేది. ఫొటో ఉంటే వెనక్కి తిప్పండి, స్టూడియో ముద్ర ఉండవచ్చు. మనియార్డరు కూపన్ మీద తపాలా ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. మాసిపోయినట్టు కనిపిస్తే కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి, ఫోన్‌లో కాంట్రాస్ట్ పెంచి చూడండి. ఏ కాగితానికీ సెల్లోటేపు వేయకండి, లామినేషన్ చేయించకండి.

మూడో పని: దస్తావేజు

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడే. మనవాళ్ళు దస్తావేజును ఆస్తి కాగితంగానే చూస్తారు, కానీ దానిలో సగం వంశవృక్షం ఉంటుంది.

పాత విక్రయ దస్తావేజు ఒకటి తీసి మొదటి పేరా చదవండి. విశాఖపట్నం జిల్లా, ఫలానా తాలూకా, ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు అని మొదలవుతుంది. అక్కడే మూడు తెలిశాయి: తాలూకా, ఊరు, తండ్రి పేరు. మైనరు పిల్లలుంటే వాళ్ళ పేర్లు, గార్డియన్ ఎవరన్నదీ రాస్తారు. తండ్రి బతికుండగా పిల్లలకు తల్లి గార్డియన్‌గా ఉందంటే అక్కడ ఆగి ఆలోచించాలి. తర్వాత ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే వాక్యాలు వస్తాయి. "మా అన్నగారు దేశాంతరం వెళ్ళి ఇంతవరకు జాడ తెలియనందున" వంటి మాట ఉంటే అది ఇక్కడే ఉంటుంది. చివర హద్దులు చూడండి. తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణాన ఫలానా వారి గట్టు. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి హద్దుల్లో కనబడే అదే ఇంటిపేరు మనిషి చాలాసార్లు అన్నో తమ్ముడో అయివుంటాడు. సాక్షి సంతకాలు, దస్తూరి (దస్తావేజు రాసినవాడి పేరు) కూడా వదలకండి. ఆడవాళ్ళ తరఫున సాక్షిగా పుట్టింటివాళ్ళు వచ్చేవారు.

వెళ్ళిపోయిన మనిషి కోసం ప్రత్యేకంగా చూడాల్సినవి పంపకాల దస్తావేజు, భార్యకు రాసిన మనోవర్తి (పోషణ ఖర్చు) పత్రం, దత్తత పత్రం. ఏడేళ్ళపాటు ఎవరికీ కబురు లేని మనిషిని చనిపోయినట్టు భావించే సూత్రం 1872 నాటి సాక్ష్యాల చట్టం నుంచీ ఉంది. అందుకే మనిషి వెళ్ళిన ఏడెనిమిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో పంపకాలు జరిగాయేమో చూడండి.

ఇంట్లో కాగితం లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాలి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 తర్వాతి లావాదేవీలకే వస్తుంది. అంతకు ముందువి చేత్తో రాసిన పుస్తకాల్లో వెతికించుకోవాలి. స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకం, దాని సూచికలు ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చని రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. వీలునామాలుండే 3వ పుస్తకం నుంచి, రాసిన మనిషి పోయాక ఎవరైనా నకలు అడగవచ్చు. పేర్లతో ఒక సూచిక, ఆస్తులతో ఒక సూచిక ఉంటాయి. పేరుతో దొరక్కపోతే ఊరితో చూడమనండి. మీ ఊరు యాభై ఏళ్ళ కిందట వేరే రిజిస్ట్రారు ఆఫీసు కింద ఉండి ఉండవచ్చు, ఆ సంగతి వెళ్ళిన రోజే అడిగి తెలుసుకోండి.

నాలుగో పని: రెవెన్యూ రికార్డు

ఇక్కడ విశాఖ జిల్లా చరిత్ర కొంచెం తెలియాలి. పాత జిల్లాలో పాలకొండ, గొలుగొండ, సర్వసిద్ధి ప్రభుత్వ తాలూకాలు. మిగతాది చాలావరకు జమీందారీ, అందులో పెద్ద భాగం విజయనగరం సంస్థానానిది. జమీందారీ ఊళ్ళల్లో రైతుల పేర్లు జమీ కచేరీ లెక్కల్లో ఉండేవి. ప్రభుత్వ సెటిల్మెంట్ రిజిస్టర్లు 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే తయారయ్యాయి. కాబట్టి జమీందారీ ఊరివాళ్ళు 1905 నాటి అడంగల్ (ఊరి భూముల లెక్క) ఇమ్మని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే లాభం లేదు. సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు అడగండి.

మీ పూర్వీకులకు ఇనాం (మాన్యం) భూమి ఉంటే అదృష్టమే. పూజారులు, కరణాలు, ఊరి వృత్తిపనివాళ్ళు, సత్రాల ధర్మకర్తలు ఇలా చాలామందికి ఇనాములుండేవి. 1860ల ప్రాంతంలో ఇనాం కమిషన్ ప్రతి ఇనామునూ విచారించి రిజిస్టరు రాసింది. మొదట ఎవరికి ఇచ్చారు, తర్వాత ఎవరి చేతికి వచ్చింది, ఇప్పటి అనుభవదారు ఆయనకు ఏమవుతాడు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు, టీడీ (టైటిల్ డీడ్) నంబరు అని అడిగితే ఆఫీసులో అర్థమవుతుంది. 1860లలో పెద్దమనిషిగా ఉన్నవాడి తాత పేరు ఒక్క కాగితంలో దొరకడం అంటే మాటలు కాదు.

జనన మరణాల పుస్తకాలు ఊళ్ళో గ్రామాధికారులు రాసేవారు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయినప్పుడు కొన్ని లెక్కలు ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. పాత కరణంగారి కుటుంబం ఇప్పుడు ఎక్కడుందో కనుక్కుని, మర్యాదగా వెళ్ళి అడగండి. పుస్తకంలో పిల్లవాడి పేరు ఉండకపోవచ్చు, ఫలానా వారికి మగశిశువు అని మాత్రమే ఉంటుంది. ఆఫీసు తిప్పుతూ ఉంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

ఊరు ఏ జిల్లాలో ఉండేది?

ఓడ జాబితాల్లో కనబడేది అప్పటి జిల్లా. శ్రీకాకుళం, టెక్కలి వైపు ఊళ్ళు 1936 దాకా గంజాం జిల్లా కింద ఉండేవి. ఇప్పుడు ఒడిశాలో ఉన్న కోరాపుట్, జయపురం ప్రాంతం ఆ ఏడాది దాకా విశాఖ జిల్లాలోదే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో విడిపోయాయి. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలు 2022లో వచ్చాయి. తాతగారిది శ్రీకాకుళం పక్క ఊరైతే జాబితాలో గంజాం కింద చికాకోల్ తాలూకా అని వెతకాలి. విశాఖపట్నం వైజాగపటంగా, భీమిలి బిమ్లిపటంగా ఉంటాయి.

కొత్తవలసలు, కొత్తపాలేలు మనకు బోలెడు. తాలూకా తెలియకుండా ఊరి పేరు మాత్రమే పట్టుకుని నమ్మొద్దు. స్టీల్ ప్లాంటు, ఓడరేవు, నేవీ అవసరాలకు ఖాళీ అయిన ఊళ్ళవాళ్ళు భూసేకరణ అవార్డు నకళ్ళు అడగాలి, ఇంటింటి పేర్లు అందులో ఉంటాయి.

ఏ సముద్రం దాటాడు?

ఆయన విశాఖలోనో, భీమిలిలోనో, కళింగపట్నంలోనో ఓడెక్కాడని ఇంట్లో చెబితే ముందు బర్మా అనుకోండి. రంగూన్ రేవులో, వడ్లమిల్లుల్లో పనికి మన తీరం నుంచి మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి మనుషులను తీసుకెళ్ళేవారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి ఆ ప్రయాణానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. అందుకే మనిషి మనిషికీ కాగితం దొరకదు. ఇక్కడ మేస్త్రీ ఎవరన్నదే దారి. మేస్త్రీ మీ ఊరివాడో, పక్క ఊరివాడో అయివుంటాడు, ఒకే ఊరి మనుషులను గుంపుగా తీసుకెళ్ళి ఉంటాడు. ఊళ్ళో ఇంకెవరు వెళ్ళారో, ఎవరు తిరిగి వచ్చారో కనుక్కుని ఆ కుటుంబాలను కలవండి. మీ ఇంట్లో దాచిన సంగతి వాళ్ళింట్లో మామూలుగా చెప్పుకుంటూ ఉండవచ్చు.

రంగం వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది రెండు మూడేళ్ళకు తిరిగి వచ్చేవారు. రాలేదంటే కాలం చూడాలి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాత లక్షల మంది భారతీయులు అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచి వచ్చారు. కలరాతో, ఆకలితో దారిలో పోయినవాళ్ళలో చాలామంది పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. 1941లో చివరి మనియార్డరు వచ్చి ఆగిపోయిందంటే ఆ బాధాకరమైన అవకాశాన్ని మనసులో పెట్టుకోవాలి. అక్కడే స్థిరపడి, 1964 తర్వాత బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక తిరిగి వచ్చిన కుటుంబాలు ఇంకొన్ని. మన కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అలా వచ్చినవాళ్ళదే. అక్కడి పెద్దవాళ్ళతో ఒక సాయంత్రం కూర్చోండి. ఫలానా తాలూకావాళ్ళు రంగూన్‌లో ఏ వైపు ఉండేవారో వాళ్ళు చెప్పగలరు.

మద్రాసు వెళ్ళి ఓడెక్కాడంటే కథ మారుతుంది. గిర్‌మిట్ ఒప్పందం (కొన్నేళ్ళు కూలికి కట్టుబడే ఒప్పందం) మీద వెళ్ళినవాళ్ళకు కాగితం ఉంది. నటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది వెళ్ళారు, అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. ఆ ఓడ జాబితాలు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చూడవచ్చు. ఒక్కో వరసలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. "కుడి మోచేతి మీద పచ్చబొట్టు" అని మామ్మ చెప్పిన మాటకు అక్కడ జోడీ దొరకవచ్చు. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా నడిచింది, దక్షిణాది నుంచి 1903లో మొదలైంది. ఆ ఎమిగ్రేషన్ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరివి ఫొటోలతో సహా. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి.

పేరును అక్కడి గుమాస్తా చెవికి విన్నట్టు రాశాడు. అప్పలస్వామి ఆపల్‌సామీ అవుతాడు, సింహాచలం సినాచలం అవుతాడు. కొన్నిచోట్ల ఇంటిపేరే అసలు పేరుగా పడుతుంది. తర్వాతి తరాల్లో తాత పేరో, నాయుడు అన్న మాటో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. కాబట్టి ఆధునిక ఇంటిపేరుతో వెతకకండి, ఊరు తాలూకాలతో వడపోసి, అప్పుడు పేర్లు పైకి చదివి చూడండి. వయసుకు ఐదేళ్ళు అటూ ఇటూ వదలండి. కులం గడిని గట్టిగా నమ్మకండి, మార్చి చెప్పినవాళ్ళున్నారు.

మిగతా చోట్లు క్లుప్తంగా. క్రైస్తవ కుటుంబాలు సంఘం బాప్తిస్మ పుస్తకం అడగాలి. విశాఖలో మిషన్ పని 1805లోనే మొదలైంది. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నికా పుస్తకాలున్నాయి. కాశీ, గయ, పూరీ వెళ్ళిన పెద్దలుంటే పండాల (అక్కడి తీర్థ పురోహితుల) పుస్తకాల్లో వాళ్ళ పేరు, అన్నదమ్ముల పేర్లు ఊరి కింద రాసి ఉంటాయి. కొన్ని కులాలకు వంశావళి చెప్పే భట్రాజులు, వంశరాజులు (పాత పేరు పిచ్చుకుంట్లవారు), రుంజలవారు ఉన్నారు; మీ ఇంటికి వచ్చేవారి వారసులను వెతికి, పాడించి రికార్డు చేయండి.

ఆయనే ఈయనా?

పేరు కలవగానే సంబరపడకండి. సింహాద్రి అప్పన్న ఉన్న చోట ఇంటికో అప్పన్న, అనకాపల్లి నూకాంబిక ప్రాంతంలో ఇంటికో నూకరాజు, విజయనగరం పైడితల్లి వైపు ఇంటికో పైడిరాజు. ఊరు, తండ్రి పేరు, కాలం మూడూ కలిస్తేనే ఆలోచించండి. అప్పుడు కూడా "ఈయన కాడు" అని నిరూపించడానికి ఒకసారి గట్టిగా ప్రయత్నించండి. ఓడ 1889లో వెళ్ళి, అదే మనిషి 1893లో ఇక్కడ దస్తావేజు మీద సంతకం చేశాడంటే, తిరిగొచ్చాడా, వేరే మనిషా తేల్చుకోవాలి. డీఎన్ఏ పరీక్ష చివర్లో, అటువైపు బంధువు దొరికి ఇద్దరూ ఒప్పుకుంటేనే పనికొస్తుంది.

అక్కడ ఆయనకు ఇంకో భార్య, పిల్లలు కనబడవచ్చు. దీన్ని ఇంట్లో ఉన్న పెద్దావిడకు చెప్పాలా వద్దా అన్నది ఆవిడకు దగ్గరివాళ్ళతో మాట్లాడి నిర్ణయించండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ముందుగా పెట్టకండి. బతికున్నవాళ్ళ వివరాలు ఎక్కడా బయటపెట్టకండి.

డర్బన్‌లోనో సువాలోనో ఆయన మునిమనవలు దొరికితే మొదటి ఉత్తరం చిన్నదిగా రాయండి. మీరెవరు, మీ ఊరేది, ఏ కాగితంలో ఏ వరస చూసి వాళ్ళదాకా వచ్చారు అన్నంతవరకే. ఆ కాగితం నకలు జతచేయండి. పొలం మాట, ఇంటి మాట అసలు ఎత్తకండి, ఆస్తి కోసం వచ్చారనుకుంటే జవాబు రాదు. మీకు తెలిసిన ఒక సంగతి ఇచ్చి, ఒకే ఒక్కటి అడగండి. వాళ్ళ తాతగారి తండ్రి పేరు వాళ్ళింట్లో ఏమని చెప్పుకునేవారో అడిగితే సరిపోతుంది. మీ నోట్‌బుక్‌లో ఉన్న పేరు మాత్రం వాళ్ళు జవాబిచ్చేదాకా చెప్పకండి.